యాక్టివేషన్‌ను తొలగిస్తున్నాం: మిత్రులకు గేము ఇచ్చే విషయంలో మా కొత్త నియమాలు

మా గేములు కొని ఆడుతున్న మీ అందరికీ నమస్కారం.

వచ్చే అప్‌డేట్‌తో మా గేములన్నింటి నుంచి ఆన్‌లైన్ యాక్టివేషన్‌ను పూర్తిగా తొలగిస్తున్నాం. మా దగ్గర నేరుగా కొన్న గేము ఇకపై సర్వర్ అనుమతి అడగదు, ఎన్ని కంప్యూటర్లలో పెట్టారో లెక్క చూడదు, ఇంటర్నెట్ లేకపోయినా ఆగదు. దీనితోపాటు లైసెన్స్ ఒప్పందాన్ని కూడా తిరగరాశాం. మీరు కొన్న గేమును ఇంట్లోవాళ్లకో మిత్రులకో ఆడటానికి ఇవ్వవచ్చునని అందులో స్పష్టంగా చేర్చాం. ఈ నిర్ణయానికి కారణాలేమిటో, దీనివల్ల మాకు రాగల నష్టమేమిటో, ఇప్పటికీ మేము ఒప్పుకోని విషయాలేవో దాపరికం లేకుండా చెప్పడం మా బాధ్యత.

ఇప్పటిదాకా వాడిన యాక్టివేషన్ ఏర్పాటు మేము తయారు చేసుకున్నది కాదు, ఒక బయటి సంస్థ నుంచి అద్దెకు తీసుకున్నది. గేమును మొదటిసారి తెరిచినప్పుడు అది మీ మదర్‌బోర్డు, డిస్కు, నెట్‌వర్క్ కార్డుల గుర్తింపు సంఖ్యలను సేకరించి, వాటన్నింటినీ కలిపి ఒకే గుర్తుగా మార్చి, గేము కొన్నప్పుడు మీకిచ్చిన కీ (రహస్య సంఖ్య)తో పాటు సర్వర్‌కు పంపేది. ఒక కీ మీద మూడు గుర్తులు నమోదయ్యాక నాలుగోదాన్ని సర్వర్ తిరస్కరించేది. ఒక మనిషికి మూడు కంప్యూటర్లు చాలవా అని ఎవరికైనా అనిపిస్తుంది. అయితే సర్వర్‌కు కంప్యూటర్లు కనిపించవు, గుర్తులు మాత్రమే కనిపిస్తాయి. మదర్‌బోర్డు కాలిపోయి కొత్తది వేయించుకుంటే ఆ బల్ల మీద ఉన్న అదే కంప్యూటరు దాని దృష్టిలో మరో కంప్యూటరు అయిపోతుంది. పాత గుర్తును ముందుగా రద్దు చేసుకునే వీలు ఉన్నమాట నిజమే కానీ, రద్దు చేయాలంటే గేమును తెరవాలి, చెడిపోయిన కంప్యూటరులో గేము తెరుచుకోదు.

మాకు వచ్చిన ఉత్తరాలలో ఒకదాని గురించి ఇక్కడ చెప్పాలి. ఒక అక్కా తమ్ముడూ మా గేమును ఒకే కంప్యూటరులో వంతులవారీగా ఆడుతూ కథను దాదాపు చివరిదాకా తీసుకువచ్చారు. అక్క ఉద్యోగానికి వెళ్తూ ఆ కంప్యూటరును వెంట తీసుకువెళ్లింది. తమ్ముడు సేవ్ ఫైలును పెన్‌డ్రైవ్‌లో దాచుకొని, ఇంట్లో మిగిలిన పాత కంప్యూటరులో గేమును ఇన్‌స్టాల్ చేశాడు. అంతకుముందు జరిగిన మరమ్మతుల వల్ల ఆ కీ మీద మూడు గుర్తులూ అప్పటికే నిండిపోయి ఉన్నాయి. ‘ఈ కీకి అనుమతించిన కంప్యూటర్ల సంఖ్య మించిపోయింది’ అనే ఒక్క వాక్యం తప్ప అతనికి తెర మీద ఇంకేమీ కనిపించలేదు. ఆ అబ్బాయి దొంగ కాపీ కోసం వెతకలేదు, మాకు ఉత్తరం రాసి జవాబు కోసం ఎదురుచూశాడు. అదే సమయంలో తాళం తీసేసిన మా గేమును ఎక్కడినుంచో దించుకున్నవారు ఎవరి అనుమతీ అవసరం లేకుండా ఆడుతూనే ఉన్నారు. డబ్బు పెట్టినవారికి కాపలా, పెట్టనివారికి స్వేచ్ఛ దొరికే ఈ ఏర్పాటును సమర్థించడం నా వల్ల కాదు.

కాపీ రక్షణ వల్ల మేలే లేదని నేను అనడం లేదు. అమ్మకాలలో పెద్ద భాగం విడుదలైన తొలి వారాల్లోనే జరిగే గేములకు, ఆ కొద్దికాలం క్రాక్ (తాళం తీసిన కాపీ) రాకుండా ఆపగలిగినా ఎంతో కొంత లాభం ఉండవచ్చు. మావి అటువంటి గేములు కావు. ఆడినవారు మరొకరికి చెప్పడం ద్వారా నెమ్మదిగా, ఏళ్ల తరబడి అమ్ముడవుతాయి. క్రాక్ వచ్చేశాక కూడా తాళాన్ని అలాగే ఉంచితే అది ఆపుతున్నది కొన్నవారినే.

పెద్ద సంస్థల అనుభవం కూడా ఇలాగే ఉంది. 2008లో వచ్చిన స్పోర్ గేముకు సెక్యూరామ్ అనే కాపీ రక్షణ పెట్టి, మూడు కంప్యూటర్లకు మించి యాక్టివేట్ చేయకూడదన్నారు. విడుదలకు ముందే తాళం తీసిన కాపీలు ఇంటర్నెట్‌లో తిరిగాయి, అమెజాన్‌లో వేలమంది ఒక్క నక్షత్రం ఇచ్చి తమ కోపాన్ని తెలిపారు, చివరకు పరిమితిని ఐదుకు పెంచవలసి వచ్చింది. 2010 మార్చిలో యూబీసాఫ్ట్ అనే గేముల సంస్థ తన అసాసిన్స్ క్రీడ్ 2 పీసీ గేముకు ఎప్పుడూ ఇంటర్నెట్ ఉండి తీరాలనే నిబంధన పెట్టింది. ఆ నెలలోనే అనుమతి ఇచ్చే సర్వర్ల మీద దాడి జరిగితే, డబ్బు పెట్టి కొన్నవారిలో కొందరు ఆడలేకపోయారు. అంత పెద్ద సంస్థకే సర్వర్లను నిలబెట్టుకోవడం కష్టమైనప్పుడు, మావంటి చిన్న స్టూడియో అద్దెకు తెచ్చుకున్న సర్వర్ మీద మీ ఆటను ఆధారపడేలా చేయడం ఎంతవరకు సబబు?

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది మరొక విషయం: తాళానికి కూడా ఆయుష్షు ఉంటుంది, అది చాలాసార్లు గేము ఆయుష్షు కంటే తక్కువ. ఒకప్పుడు ఎన్నో గేముల సీడీలకు సేఫ్‌డిస్క్ అనే రక్షణ ఉండేది. అది విండోస్ లోపలి పొరల్లో డ్రైవరు అనే ఒక చిన్న ప్రోగ్రామును పెట్టి పనిచేసేది. ఆ డ్రైవరు వల్ల కంప్యూటరు భద్రతకు ముప్పు ఉండటంతో 2015లో వచ్చిన విండోస్ 10 దాన్ని నడవనివ్వలేదు, అదే ఏడాది పాత విండోసుల్లో కూడా ఒక అప్‌డేట్ ద్వారా దాన్ని ఆపివేశారు. సీడీ మీద గీత కూడా పడకుండా జాగ్రత్తగా దాచుకున్నవారి గేములు కూడా మామూలు పద్ధతిలో తెరుచుకోవడం మానేశాయి. గేములో లోపం లేదు, దాన్ని కాపాడటానికి పెట్టినదే దానికి అడ్డంపడింది. మా అద్దె ఒప్పందం ముగిసే తేదీ దగ్గర పడినప్పుడు నేను ఈ ఉదాహరణనే పదేపదే తలచుకున్నాను. మేము రేపు దుకాణం కట్టేసినా మీరు కొన్న గేము నడవాలి. అందుకే ఆ ఒప్పందాన్ని పొడిగించలేదు.

ఇక లైసెన్స్ సంగతి. మీరు ‘కొను’ అనే బటన్ నొక్కుతున్నారు, ఒప్పందం ప్రకారం మీకు దక్కేది మాత్రం వాడుకునే అనుమతి. ఆ అనుమతిని మరొకరికి బదిలీ చేయవచ్చా అన్న ప్రశ్నకు న్యాయస్థానాలు కూడా ఒకేలా జవాబివ్వలేదు. 2010లో అమెరికాలోని ఒక అప్పీలు కోర్టు ఆటోడెస్క్ అనే సాఫ్ట్‌వేరు సంస్థ కేసులో, ఒప్పందంలోని షరతులను బట్టి కొన్నవారు యజమానులు కారు, అనుమతి పొందినవారు మాత్రమేనని, కనుక పాత కాపీని తిరిగి అమ్మే హక్కు వారికి లేదని చెప్పింది. 2012లో ఐరోపా న్యాయస్థానం ఒరాకిల్ అనే మరో సాఫ్ట్‌వేరు సంస్థకు సంబంధించిన కేసులో, డౌన్‌లోడ్ చేసుకున్న సాఫ్ట్‌వేరును కూడా, శాశ్వత అనుమతికి డబ్బు చెల్లించి ఉంటే, తన కాపీని తొలగించుకొని తిరిగి అమ్ముకోవచ్చునని తీర్పునిచ్చింది. కాలిఫోర్నియాలో 2025 జనవరి నుంచి అమల్లోకి వచ్చిన చట్టం ప్రకారం, అనుమతిని మాత్రమే ఇస్తూ ‘కొనండి’ అని రాసేవారు ఆ సంగతిని స్పష్టంగా తెలియజేయాలి. డౌన్‌లోడ్ చేసుకొని, అమ్మినవారితో సంబంధం లేకుండా శాశ్వతంగా ఉంచుకోగల వాటికి ఆ నిబంధన వర్తించదు. మా గేములను ఆ రెండో కోవలోకి తేవాలన్నదే నా కోరిక.

మా పాత ఒప్పందంలో ఈ వాక్యం ఉండేది: ‘ఈ సాఫ్ట్‌వేరును అద్దెకు ఇవ్వరాదు, అరువు ఇవ్వరాదు, బదిలీ చేయరాదు, మూడో వ్యక్తికి ఏ రూపంలోనూ అందుబాటులో ఉంచరాదు.’ ఈ రంగంలో చాలా ఒప్పందాలలో ఇటువంటి వాక్యమే కనిపిస్తుంది. అక్షరాలా తీసుకుంటే పైన చెప్పిన అక్కా తమ్ముడూ ఒకే కంప్యూటరు ముందు వంతులవారీగా ఆడటం కూడా ఉల్లంఘనే అవుతుంది. ఎవరూ పాటించలేని నియమాన్ని రాసిపెట్టుకుంటే, పాటించవలసిన నియమాలకు కూడా విలువ పోతుంది. 1980లలో బోర్లాండ్ సంస్థ తన టర్బో పాస్కల్ వంటి సాఫ్ట్‌వేర్లకు ఎంతో తేలికైన లైసెన్స్ రాసింది. దీన్ని ఒక పుస్తకంలా వాడుకోండి, ఒక కంప్యూటరు నుంచి మరోదానికి మార్చుకోండి, మరొకరికి ఇవ్వండి, ఒకే పుస్తకాన్ని ఒకే సమయంలో ఇద్దరు రెండు చోట్ల చదవలేనట్లే దీన్ని కూడా రెండు చోట్ల ఒకేసారి వాడకండి అన్నది దాని సారాంశం. ఇంత కంటే న్యాయమైన గీత నాకు ఎక్కడా కనిపించలేదు కనుక మా కొత్త ఒప్పందాన్ని దాని మీదనే నిలబెట్టాం.

కొత్త వాక్యాలు ఇవి: ‘కొన్నవారు ఈ గేమును తమ కుటుంబసభ్యులకు, తమకు స్వయంగా తెలిసిన మిత్రులకు ఆడటానికి ఇవ్వవచ్చు. ఒక కొనుగోలు మీద ఒకే సమయంలో ఒకే చోట ఆడాలి. తమ కాపీని పూర్తిగా తొలగించుకొని, గేమును శాశ్వతంగా మరొకరికి ఇచ్చివేయవచ్చు. డబ్బు తీసుకొని కాపీలు చేసి ఇవ్వరాదు. తెలియనివారు ఎవరైనా దించుకోగలిగే చోట ఇన్‌స్టాలరును ఉంచరాదు.’ ఇద్దరు ఆడే మా గేము విషయంలో ఒక మినహాయింపు ఇచ్చాం. 1998లో స్టార్‌క్రాఫ్ట్ గేము ఒకే సీడీతో మిత్రుల కంప్యూటర్లలో కూడా మల్టీప్లేయరుకు మాత్రమే పనికివచ్చే కాపీలను పెట్టుకోనిచ్చింది. అదే పద్ధతిలో, కొన్నవారితో కలిసి ఆడటానికి రెండో కంప్యూటరులో కూడా గేమును ఉంచుకోవచ్చు.

మిత్రునికి గేము ఇవ్వడం వేరు, లోకమంతటికీ పంచడం వేరు. మిత్రుని చేతికి ఇచ్చేటప్పుడు మీ మాటే ఆ గేముకు సిఫారసు, వారికి నచ్చితే మా తర్వాతి గేమును వారే కొంటారు. 1993లో డూమ్ గేము మొదటి భాగాన్ని ఎవరైనా కాపీ చేసి పంచుకోవచ్చని దాన్ని తయారుచేసినవారే అనుమతించారు, మిగిలిన భాగాలను అమ్ముకొని నిలబడ్డారు. తెలియని లక్షమందికి పూర్తి గేమును వదిలిపెట్టడంలో అటువంటి బంధం ఏదీ ఉండదు. దాని నష్టం ఎంతటిదో తెలియక నేను ఈ మాట అనడం లేదు. 2013లో గేమ్ డెవ్ టైకూన్ తయారీదారులు తమ గేమును తాళం లేకుండానే అమ్ముతూ, కొద్దిగా మార్చిన కాపీని తామే టొరెంటులో (ఫైళ్లను ఎవరైనా దించుకోగలిగే చోట) పెట్టి చూస్తే, తొలిరోజు ఆడినవారిలో 93 శాతానికి పైగా ఆ దొంగ కాపీనే ఆడారని తేలింది.

కాబట్టి ఇందులో మాకు ప్రమాదం లేదని చెప్పను. మేము కొద్దిమందిమే పనిచేస్తున్నాం, గేము అమ్మకాలు తప్ప మాకు వేరే ఆదాయం లేదు. అమ్మకాలు తగ్గితే తర్వాతి గేమును చిన్నదిగా చేస్తాం, లేదా ఆలస్యంగా తెస్తాం. ఇప్పటికే అమ్మిన గేములకు మాత్రం మళ్లీ తాళం వేయం. ఆ మాట లైసెన్స్ ఒప్పందంలోనే రాశాం, తర్వాత వచ్చే ఏ అప్‌డేట్ ద్వారానూ దాన్ని వెనక్కి తీసుకోలేం. యాక్టివేషన్‌కు ఇంతవరకు కట్టిన అద్దెను ఇకపై ఉత్తరాలకు జవాబులు రాసే పనికి, పాత గేములను కొత్త విండోసుల్లో నడిచేలా ఉంచే పనికి వాడతాం.

గేములు అమ్మే ఆన్‌లైన్ దుకాణమైన స్టీమ్‌లో మా గేములు కొన్నవారికి ఈ మార్పు పాక్షికంగానే అందుతుంది. మా యాక్టివేషన్ అక్కడి కాపీల నుంచి కూడా పోతుంది కానీ, పంచుకోవడానికి స్టీమ్ నియమాలే వర్తిస్తాయి. 2024 నుంచి అక్కడ ఉన్న కుటుంబ సదుపాయంలో 6 మంది దాకా చేరవచ్చు, ఒక్కో కాపీని ఒకరు ఆడుతుండగా మరొకరు ఆడలేరు, కుటుంబంలో ఒకరు మీ కాపీతో మోసం చేసి పట్టుబడితే ఆ గేములో మీమీద కూడా నిషేధం పడవచ్చు. ఎవరిని చేర్చుకుంటున్నారో చూసుకోండి. స్టీమ్‌లో కొన్నవారు తాళంలేని ఇన్‌స్టాలరు కావాలని కోరితే, కొనుగోలు రసీదు చూపితే చాలు, అదనంగా ఏమీ తీసుకోకుండా ఇస్తాం.

మా దగ్గర నేరుగా కొన్నవారు చేయవలసింది తక్కువే. అప్‌డేట్ వచ్చాక మీ ఖాతాలోకి వెళ్లి కొత్త ఇన్‌స్టాలరును దించుకొని, ఒక కాపీని వేరే డిస్కులో కూడా భద్రపరచుకోండి. సేవ్ ఫైళ్లు ఉన్నచోటే ఉంటాయి, వాటిని మార్చనక్కర లేదు. పాత యాక్టివేషన్ సర్వర్ మా అద్దె ఒప్పందం ముగిసే రోజుదాకా పనిచేస్తుంది, ఆ తర్వాత పాత ఇన్‌స్టాలర్లు పనిచేయవు. కీ పోగొట్టుకున్నవారు, కొన్నప్పటి మెయిలు చిరునామా ఇప్పుడు వాడకంలో లేనివారు, ఏ గేమును సుమారు ఎప్పుడు కొన్నారో రాసి పంపితే మా పాత అమ్మకాల పుస్తకంలో వెతికి మీ ఖాతాకు కలుపుతాం. ఈ పనిని యంత్రానికి అప్పగించలేదు, ప్రతి ఉత్తరాన్ని మాలో ఒకరు చదువుతారు కాబట్టి మొదటి కొన్ని వారాల్లో జవాబు కొంత ఆలస్యం కావచ్చు.