పొదుపు ఎన్నాళ్లుంటుందో ఎవరు చెప్పాలి?

సంపాదకులకు,

అమెరికాలో చిన్న క్రెడిట్ యూనియన్లను, అంటే సభ్యులే యజమానులైన పొదుపు-రుణ సంఘాలను, ఏఎల్‌ఎం (ఆస్తులు, అప్పుల నిర్వహణ) సాఫ్ట్‌వేర్లలోకి చేర్పించే తీరు గురించి ఈ ఉత్తరం. వడ్డీరేట్లు మారితే రుణాల విలువ, డిపాజిట్ల ఖర్చు ఎటు పోతాయో ముందే లెక్కగట్టే ఏర్పాటు అది. అవసరమే. సభ్యుల డిపాజిట్లకు ఫెడరల్ బీమా ఉండి, 5 కోట్ల డాలర్లకు మించి ఆస్తులున్న ప్రతి యూనియనూ వడ్డీరేటు రిస్కుపై రాతపూర్వక విధానం పెట్టుకోవాలని 2012 సెప్టెంబరు 30 నుంచి, యూనియన్లపై అజమాయిషీ చేసే ఫెడరల్ సంస్థ ఎన్‌సీయూఏ నిబంధన కూడా ఉంది.

అలాంటి ఒక చిన్న యూనియన్ కమిటీలో రెండేళ్లు కూర్చున్నాను. సాఫ్ట్‌వేర్ కంపెనీ అడిగిన ఫైళ్లన్నీ పంపాం. కొన్ని వారాలకు రంగురంగుల రిపోర్టు వచ్చింది, చూడముచ్చటగా ఉంది. తిరగేస్తే, ఐదేళ్ల తర్వాత వడ్డీ మారాల్సిన గృహరుణాలు ముప్పై ఏళ్ల స్థిర వడ్డీ రుణాల్లో కలిసిపోయి కనిపించాయి. మేం పంపిన ఫైల్లో వడ్డీ మారే తేదీ గడి ఖాళీగా ఉందట, ఖాళీ అంటే స్థిరమేనని సాఫ్ట్‌వేర్ అనుకుందట. సరే, ఆ తప్పు దిద్దారు.

దిద్దడానికి వీల్లేని చిక్కు డిపాజిట్ల దగ్గర వచ్చింది. మామూలు పొదుపు ఖాతాకు గడువుండదు. సభ్యుడు రేపే తీసుకోవచ్చు, పదేళ్లు ఉంచొచ్చు. ఎన్నాళ్లు ఉంచుతాడో, మార్కెట్లో వడ్డీ ఒక శాతం పెరిగితే మనం ఎంత పెంచాల్సి వస్తుందో ఎవరో ఒకరు ఊహించి మోడల్‌కు చెప్పాలి. మా రిపోర్టులో సగటున ఏడేళ్లని ఉంది. ఎక్కణ్ణుంచి వచ్చిందని అడిగితే ‘పరిశ్రమ సగటండీ’ అన్నారు. మా సభ్యుల్లో ఎక్కువమంది ఒకే ఫ్యాక్టరీవాళ్లు. ఆ ఫ్యాక్టరీ ఒక షిఫ్టు ఎత్తేస్తే మా పొదుపు ఏమవుతుందో పరిశ్రమ సగటుకేం తెలుసు?

ఆ ఒక్క అంకెతో ఫలితమే తారుమారవుతుంది. డిపాజిట్లు చాలాకాలం కదలవనుకుంటే, వడ్డీలు పెరిగినప్పుడు ఆ చవక డబ్బు విలువ పెరిగి రుణాల మీద నష్టాన్ని పూడ్చేస్తుంది, కాగితం మీద. సిలికాన్ వ్యాలీ బ్యాంక్ 2022 ఏప్రిల్లో చేసిన పని ఇదే. వడ్డీరేటు రిస్కు తన సొంత పరిమితి దాటిందని మోడల్ చెబితే రిస్కు తగ్గించుకోకుండా డిపాజిట్ల కాలాన్ని పెంచి రాసుకుంది. మరుసటేడు మార్చిలో కూలింది. అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్ (ఫెడ్) నివేదికే ఈ సంగతి చెప్పింది.

ఎన్‌సీయూఏ వడ్డీలు పెరిగితే యూనియన్ తట్టుకోగలదా అని చూసే తన పరీక్షలో ఈ ఊహను యూనియన్లకు వదల్లేదు. గడువులేని డిపాజిట్లకు మామూలుగా 1 శాతం, వడ్డీలు 3 శాతం ఎగబాకితే 4 శాతం విలువ కలిసొస్తుందని తానే కట్టేసింది. తనిఖీకి అది చాలు. రేపు సర్టిఫికెట్ (గడువున్న డిపాజిట్) మీద ఎంత వడ్డీ ఇవ్వాలో తేల్చుకోవడానికి చాలదు. రుణాల వైపూ ఇంతే: 2021లో 3 శాతానికి ఇల్లు కొన్నవాడు, 2023 జులైలో ఫెడ్ రేటు 5.25–5.50 శాతానికి చేరాక ఆ అప్పును ముందే తీర్చి కొత్తది ఎందుకు తెచ్చుకుంటాడు? వెనకటి లెక్కతో ‘ఏటా ఇంతమంది ముందే తీరుస్తారు’ అని రాసుకున్న మోడల్ అక్కడే బోల్తా కొడుతుంది.

అందుకే సాఫ్ట్‌వేర్లోకి చేర్పించేటప్పుడే యూనియన్ సొంత ఖాతాల చరిత్ర తీయాలి, వడ్డీలు ఎగబాకిన 2022, 2023 సంవత్సరాలు అందులో ఉండి తీరాలి. ఊహలన్నీ ఒక్క పేజీలో పెట్టి పాలకమండలి చదివి సంతకం చేయాలి. డైరెక్టర్లలో చాలామంది జీతం తీసుకోని మామూలు సభ్యులే, వాళ్లకివన్నీ ఎక్కడ అర్థమవుతాయని కంపెనీవాళ్లు పెదవి విరుస్తారు. మా దగ్గర రెండు సాయంత్రాలు కూర్చోబెడితే అర్థమయ్యాయి. ఏడాది తిరిగాక ఊహించిందీ జరిగిందీ పక్కపక్కన పెట్టి చూసే పని కూడా ఒప్పందంలో రాయించుకోవాలి, లేకపోతే దాని జోలికి ఎవరూ పోరు.

క్రెడిట్ యూనియన్లో మనిషికో ఓటు, డిపాజిట్ ఎంతున్నా. అక్కడ ఖాతాలున్న మన తెలుగువాళ్లు వచ్చే వార్షిక సమావేశానికి వెళ్లి అడగండి: మా పొదుపు ఎన్నాళ్లుంటుందని రాసుకున్నారు, ఆ అంకె మీకెవరిచ్చారు?

ఇట్లు,
ఒక క్రెడిట్ యూనియన్ సభ్యుడు