యూనివర్సిటీ కతోలిక అమ్మాయిల సంఘం స్థాపన: జమా ఖర్చుల వివరణ (2024 ఆగస్టు 15 – 2025 ఏప్రిల్ 30)

క్రీస్తు నాథుని యందు ప్రియమైన కుటుంబాలకు, దాతలకు వందనాలు.

మిషిగన్‌లో మన పిల్లలు చదివే యూనివర్సిటీలో కతోలిక అమ్మాయిలకంటూ ఒక సొరారిటీ (అమ్మాయిల విద్యార్థి సంఘం) ఉండాలని నిరుడు మరియమాత మోక్షారోపణ పండుగ నాడు పూజ అయ్యాక గుడి వెనక గదిలో అనుకున్నాం. ఈ ఏప్రిల్ 29న, సియెన్నా పునీత కత్తరీనమ్మ గారి పండుగ నాడు, 14 మంది అమ్మాయిలు కొవ్వొత్తులు పట్టుకుని ప్రమాణం చేశారు. వాళ్లలో మన తెలుగు పిల్లలు అయిదుగురు. కోశాధికారిగా ఈ లెక్క నేను రాశాను. కమిటీలోని మిగతా నలుగురు సభ్యులూ బ్యాంకు కాగితాలతో సరిచూశారు. యూనివర్సిటీ గుర్తింపు కాగితం ఇంకా చేతికి రాలేదు కాబట్టి సంఘం పేరు ఇక్కడ వేయలేదు.

"సొరారిటీ అంటే పార్టీలే కదమ్మా, దానికి మన చందాలెందుకు?" అని పెద్దలు కొందరు అడిగారు. అడగాల్సిన మాటే. 1909లో మన రాష్ట్రంలోనే, ఆన్ ఆర్బర్‌లో విద్యార్థుల గుడికి గురువుగా ఉన్న ఎడ్వర్డ్ కెల్లీ గారు మిషిగన్ యూనివర్సిటీ కతోలిక అమ్మాయిల కోసం ఒమేగా ఉప్సిలాన్ అనే సంఘం పెట్టించారు. మిగతా సొరారిటీలు కతోలిక పిల్లలను అంత తేలిగ్గా రానివ్వని రోజులవి. ఆయన డెట్రాయిట్ సహాయ పీఠాధిపతిగా వెళ్లాక ఆ సంఘం నీరసపడింది. అయినా ఆయన వదల్లేదు. 1898లోనే అక్కడ చదువు ముగించిన అమీలియా మెక్‌స్వీనీ గారిని కలుపుకున్నారు. 1912 ఆగస్టు 30న పదిమంది ఆడపిల్లలతో థీటా ఫై ఆల్ఫా మొదలైంది. 1968 నుంచి ఇతర మతాల అమ్మాయిలనూ చేర్చుకుంటూ నేటికీ నడుస్తోంది. వాళ్ల పాలక పునీతురాలు కూడా కత్తరీనమ్మ గారే. చదివే పిల్లలు నాలుగేళ్లకు వెళ్లిపోతారు, వెనక నిలబడే అక్కలూ పెద్దలూ ఉంటేనే సంఘం ఉంటుంది. మేం ఖర్చు పెట్టినదంతా ఈ ఉద్దేశంతోనే పెట్టాం.

ముందు జమ. 31 కుటుంబాలు ఇచ్చిన చందా 4,325 డాలర్లు. మూడు ఆదివారాలు పూజ తర్వాత పులిహోర, గారెలు, కోడి బిర్యానీ అమ్మగా 2,118. మెక్సికో తల్లులు తెచ్చిన తమాలెలు గారెల కంటే ముందే అయిపోయాయి, ఆ డబ్బూ ఇందులోనే ఉంది. పేరు వేయొద్దన్న ఒక పూర్వ విద్యార్థిని ఇచ్చినది 1,000. ప్రవేశ రుసుము తలకు 60 చొప్పున 11 మంది కట్టినది 660. మిగిలిన ముగ్గురికి మాఫీ చేశాం, వాళ్లెవరో కమిటీలో ఇద్దరికి తప్ప తెలియదు, తెలియనివ్వం కూడా.

ఇంకో 12 డాలర్ల గురించి చెప్పాలి. ఫిరంగిపురం నుంచి కూతురి ఇంటికి వచ్చిన ఒక అమ్మమ్మ గారు జపమాల సంచిలోంచి రెండు 500 రూపాయల నోట్లు తీసి, "చదువుకునే పిల్లలకి ఇయ్యమ్మా" అని నా చేతిలో పెట్టారు. నాలుగు మడతలు పెట్టి, మెత్తబడిపోయిన నోట్లు. ఇండియా వెళ్లే సభ్యురాలు ఒకరు వాటిని తీసుకుని బదులు 12 డాలర్లు వేశారు.

ఖర్చులో నా పొరపాటు ఒకటుంది. సంఘానికి పన్ను గుర్తింపు సంఖ్య తీసుకోవాలి. దాన్ని అమెరికా పన్నుల శాఖ ఉచితంగానే ఇస్తుంది. నేను చూసుకోకుండా ఒక ప్రైవేటు వెబ్‌సైటుకు 249 కట్టేశాను. తెలిశాక ఆ సొమ్ము నా చేతి నుంచి తిరిగి వేశాను. దాచినట్టు ఉండకూడదని జమలోనూ ఖర్చులోనూ 249 చూపించాను. దాంతో మొత్తం జమ 8,364 డాలర్లు.

అన్నిటికంటే పెద్ద ఖర్చు ఏడాది బీమా, 2,140. ఒక పిల్ల మెట్ల మీద జారిపడినా సంఘం మూతపడే పరిస్థితి రాకూడదు. ఇల్లు అద్దెకు తీసుకుందామన్న మాట కూడా వచ్చింది, ఒప్పుకోలేదు, ఇప్పట్లో ఒప్పుకోం కూడా. తర్వాతిది ఈస్టర్ ముందు వచ్చే తపస్సుకాలంలో రెండు రోజుల ధ్యానాలు, 14 మందికి బసా భోజనాలతో 1,680. ఈ ఖర్చుకు మాత్రం మాలో ఎవరూ బాధపడలేదు. అంతవరకూ ముఖపరిచయమే ఉన్న పిల్లలు అక్కడి నుంచి ఒకరి జడ ఒకరు వేసుకుంటూ తిరిగొచ్చారు. బ్యాడ్జీలు ఒక్కోటి 38 చొప్పున 532. వంట సరుకులు 611. రాష్ట్రంలో నమోదు రుసుము 20, చెక్కుబుక్కు 28. స్థాపన పూజకు కొవ్వొత్తులు, తెల్ల గులాబీలు, పాటల కాగితాలు కలిపి 236. పూజ కానుక ఫాదర్ గారు తీసుకోలేదు.

ఆ సాయంత్రం అనుకున్న విందు మానేశాం. ఫ్రాన్సిస్ పాపుగారి అంత్యక్రియలు ఏప్రిల్ 26న జరిగాయి, ఇంకా సంతాప దినాలే నడుస్తున్నాయి. హాలుకు కట్టిన బయానా 150 తిరిగి రాలేదు, అదీ ఖర్చే. అన్నీ కలిపి 5,646.

నిల్వ 2,718 డాలర్లు. ఇందులో వచ్చే ఏడాది బీమాకు 2,140, రాష్ట్రానికి ఏటా పంపే నివేదిక రుసుము 20 ముట్టుకోకుండా పక్కన పెట్టాం. చేతిలో ఆడేది 558 మాత్రమే. నాలుగు కుటుంబాలు మాటిచ్చిన 700 ఇంకా రాలేదు, లెక్కలో కలపలేదు.

ఇది ముందే చెప్పాల్సింది, ఆలస్యమైంది, క్షమించాలి. సొరారిటీలు సాధారణంగా పన్ను చట్టంలో 501(సి)(7), అంటే క్లబ్బుల విభాగం, కిందికి వస్తాయి కాబట్టి మీ చందాకు పన్ను మినహాయింపు రాదు. వస్తుందనుకుని ఇచ్చినవాళ్లు జూన్ ఆఖరులోగా చెబితే డబ్బు తిరిగి ఇచ్చేస్తాం.

ఆగస్టులో తరగతులు మొదలయ్యాక చెక్కుబుక్కు అమ్మాయిలు ఎన్నుకున్న కోశాధికారికి అప్పగిస్తాం. రసీదులన్నీ బిస్కెట్ల నీలం డబ్బాలో నా దగ్గర ఉన్నాయి. ఏ ఆదివారమైనా పూజ తర్వాత అడిగితే తెచ్చి చూపిస్తాను.

కమిటీ తరఫున,
కోశాధికారి