మా ఒంటి గురించి మేం రాసుకున్నవి కూడా వెయ్యండి

ఎడిటర్ గారికి నమస్కారమండి,

మొన్న ఆదివారం మీ పేపర్లో ఆడవాళ్ళ మీద వేసిన కవితల పేజీ చదివాను. అన్నింట్లోనూ ఆడదంటే అమ్మ, భూదేవి, లేకపోతే కరిగిపోయే కొవ్వొత్తి. ఒక్కదాంట్లో కూడా ఆవిడకి నడుంనొప్పి లేదు, పొట్ట మీద చారల్లేవు. బాధేసింది, అందుకే రాస్తున్నా.

మా అమ్మాయి తొమ్మిదో క్లాసు, చామనఛాయ, కాస్త బొద్దుగా ఉంటుంది. నెల రోజుల్నించి టిఫిన్ బాక్స్ సగం అలాగే వెనక్కి తెస్తోంది, ఏంటని అడిగితే క్లాసులో ఏదో పేరు పెట్టి పిలుస్తున్నారంట, అదేంటో నాక్కూడా చెప్పలేదు. నాకూ కాన్పయ్యాక ఏ పెళ్ళికెళ్ళినా "ఏంటే ఇంత లావైపోయావ్" అన్నదే పలకరింపు, బాగున్నావా అని అడిగినవాళ్ళు తక్కువే, కాబట్టి దాని బాధ నాకు తెలుసు.

ఆ రాత్రి 1993లో ఓల్గా గారు సంకలనం చేసిన స్త్రీవాద కవితల పుస్తకం నీలిమేఘాలు తీసి, పైట కప్పుకుని తలొంచుకోవాలన్న కట్టుబాటు మీద కోపంతో జయప్రభ గారు రాసిన పైట కవిత చదివి వినిపించా. అంతా విని, "అమ్మా అందరూ కోపంగానే రాశారా, నేను బాగుంటాను అని ఎవరూ రాసుకోలేదా" అంది.

రాసుకుందండి. తంజావూరులో 18వ శతాబ్దంలోనే ముద్దుపళని అనే కవయిత్రి తన రాధికా సాంత్వనం కావ్యం మొదట్లో తన అందాన్నీ చదువునీ తనే పొగుడుకుంది, ఏమాత్రం మొహమాటం లేకుండా. 1910లో గాయని బెంగుళూరు నాగరత్నమ్మ గారు ఆ కావ్యాన్ని పూర్తిగా అచ్చేయిస్తే మరుసటేడే బ్రిటిష్ వాళ్ళు బూతని పట్టుకుపోయారు, 1947లో ప్రకాశం పంతులు గారు ఆ నిషేధం ఎత్తేసేదాకా చదవడానికే లేదు. మగకవులు ఆడదాని ఒంటిని వందల ఏళ్ళు వర్ణిస్తే అది శృంగారం, ఆవిడ రాస్తే బూతా అని నాగరత్నమ్మ గారు అప్పుడే అడిగారు.

మీ పేపర్లోనే పెళ్ళిసంబంధాల ప్రకటనల్లో ఇప్పటికీ తెల్లటి, నాజూకైన అమ్మాయి కావాలనే వస్తోంది, అవి ఆపమంటే మీరు ఆపలేరేమో, కానీ ఆదివారం పేజీ మీ చేతిలో ఉందిగా. సిజేరియన్ కుట్లు, నెలసరి, మెనోపాజ్, నల్లటి రంగు, వీటి మీద ఆడవాళ్ళు రాసింది నెలకొక్కసారైనా వెయ్యండి, పెద్ద పేరున్నవాళ్ళే కానక్కర్లేదు.

మా అమ్మాయి లెక్కల నోట్సు వెనకపేజీలో తన రంగు మీద ఎనిమిది లైన్లు రాసుకుంది. నాకు చూపించింది గానీ ఇప్పుడే ఎవరికీ పంపొద్దంది, మీరు అలాంటి పేజీ మొదలుపెడితే అప్పుడు తనే పంపుతానంది.

ఇట్లు,
ఒక పాఠకురాలు, తెనాలి