48 నిమిషాల లెక్క మాది, తప్పూ మాదే

మా దగ్గర విమాన టికెట్లు తీసుకునే వారందరికీ,

టికెట్‌తో పాటు మేము ఇచ్చే ప్రయాణ వివరాల కాగితంలో అడుగున దూరం, ప్రయాణ సమయం అని రెండు అంకెలు వేసేవాళ్లం. ఇకపై వేయము.

గత నెల ఒక పెద్దాయన ఆ కాగితాన్ని తెచ్చి నా బల్ల మీద పరిచారు. 400 కిలోమీటర్లు, 48 నిమిషాలు అన్నచోట ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి ఉంది. ఆ అంకెను నమ్మి, దిగగానే ఎక్కవలసిన బస్సుకు ముందే సీటు తీసుకున్నారట. విమానం ఒక్క నిమిషం కూడా ఆలస్యం కాలేదు. బస్సు మాత్రం వెళ్లిపోయింది. ‘‘టికెట్ మీద గంటా పావు అని ఉంది. మీకు బాగా తెలుసు కదా అని మీ కాగితాన్నే నమ్మాను’’ అన్నారు. నా దగ్గర జవాబు లేదు.

ఆ 48 ఎక్కడిదంటే, రెండు విమానాశ్రయాల అక్షాంశ రేఖాంశాలు తీసుకుని, భూగోళం మీద వాటి మధ్య అతి దగ్గరి దూరం కట్టాము. గ్రేట్ సర్కిల్ దూరం అంటారు దాన్ని. ఏటీఆర్ 72 లాంటి ప్రొపెల్లర్ విమానం పైకెక్కి నిలకడగా ఎగిరేటప్పుడు గంటకు సుమారు 500 కిలోమీటర్లు వెళ్తుంది. భాగహారంలో తప్పు లేదు. అయితే నేల మీద నడవకుండా, పైకెక్కకుండా, కిందికి దిగకుండా ఎగిరే విమానానికే ఆ లెక్క సరిపోతుంది.

టికెట్ మీద ఉన్నది విమానం గాలిలోకి లేచే సమయం కాదు, నిలిపిన చోటు నుంచి కదిలే సమయం. చేరే సమయమూ అంతే, అవతల నిలిపే చోట ఆగినప్పటిది. రన్‌వే దాకా మెల్లగా వెళ్లాలి, వంతు కోసం ఆగాలి. గాలికి ఎదురుగా లేవాలి కనుక ఒక్కోసారి గమ్యానికి వీపు పెట్టి లేచి, ఆ తర్వాత చుట్టు తిరుగుతుంది. దూరం తక్కువైన కొద్దీ వీటి వాటా పెరుగుతుంది. అందుకే గంటకు 830 కిలోమీటర్లు వెళ్లే జెట్ ఎక్కినా, 48కి బదులు 29 నిమిషాలే అని కాగితం మీద మిగిలే 19 నిమిషాలు పూర్తిగా చేతికి రావు.

గాలి సంగతి మరీ చిత్రం. గంటకు 50 కిలోమీటర్ల ఎదురుగాలి ఉంటే అదే ఏటీఆర్‌కు 53 నిమిషాలు, వెనుక నుంచి తోస్తే 44. రానూ పోనూ ఒకే అంకె వేసిన మమ్మల్ని ఏమనాలి?

చిన్న విమానాశ్రయాల మధ్య నేరుగా విమానం లేని చోట్ల ఇంకా ఘోరం. పెద్ద విమానాశ్రయంలో దిగి, మూడు గంటలు కూర్చుని, మరో విమానం ఎక్కవలసిన వారికి కూడా మా కాగితం ఆ 400 కిలోమీటర్లే చూపించింది.

ఇక నుంచి టికెట్‌లో ఉన్న సమయాలే వేస్తాము. మధ్యలో మారవలసి వస్తే ఆగే సమయాన్ని కలిపి మొత్తం రాస్తాము. దూరం కావాలంటే అడగండి, సరళరేఖ దూరమని చెప్పి మరీ ఇస్తాము. పాత కాగితం చూసి బస్సో రైలో ఖాయం చేసుకున్నవారు ప్రయాణానికి ముందు ఒక్కసారి ఫోను చేయండి. పెద్దాయనకు బస్సు టికెట్ డబ్బు ఇచ్చేశాము.