శనివారం ఇంట్లో కూర్చోకండి

చిన్నీ,

నిన్న ఫోన్లో శనివారం ఏం చేశారే అని అడిగితే "ఏముందమ్మా, బట్టలు ఉతుక్కోవడం, సరుకులు తెచ్చుకోవడం, సాయంత్రం ఎవరో పిల్లాడి బర్త్‌డే" అన్నావు. అంతకు ముందు వారం అడిగినా అదే చెప్పావు. నేను తెనాలి వచ్చేశాక ఆ ఇంగ్లండ్‌లో మీరు డెర్బీ దాటి ఎక్కడికీ వెళ్ళినట్టు లేదు. ఫోన్లో చెబితే "సరేలే అమ్మా" అని పెట్టేస్తావు, అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. అల్లుడుగారికి కూడా చదివి వినిపించు.

నేను అక్కడున్నన్నాళ్ళూ అమ్మకి చూపించాలని శనివారం వస్తే చాలు కారు తీశారు. అలసిపోయి ఉన్నా తీశారు, నాకు తెలుసు, ఆ మాట నేను మర్చిపోను. కానీ ఆ ఊళ్ళు నాకన్నా మీకు ఎక్కువ కావాలి కదే. నేను ఆరు నెలలకు వచ్చి వెళ్ళేదాన్ని, ఉండేది మీరు. బుజ్జిగాడు పుట్టింది అక్కడే, రేపు ఎవరైనా నీది ఏ ఊరు బాబూ అని అడిగితే డెర్బీ అనే చెబుతాడు. మరి ఆ డెర్బీ చుట్టూ ఏ ఊరుందో, ఏ ఊళ్ళో ఏ పండగ చేస్తారో వాడికి తెలియకపోతే ఎలా? తెనాలి పిల్లకి చేబ్రోలు, పొన్నూరు, అమరావతి తెలియవంటే మనం ఒప్పుకుంటామా?

లండన్ బాగుంది, కాదనను. కానీ ఇక్కడికొచ్చాక నేను పక్కింటివాళ్ళకి పదే పదే చెబుతున్నది లండన్ గురించి కాదు, టిస్సింగ్టన్ పల్లెలో పూరేకుల బొమ్మలతో అలంకరించే బావుల గురించి. టికెట్ కొని చూసే కోటలు ఎక్కడైనా ఉంటాయి, ఊరివాళ్ళు తమ కోసం తాము చేసుకునే పండగ మాత్రం ఆ ఊళ్ళోనే చూడాలి. మనం వెళ్ళిన రోజు నీకు గుర్తుందో లేదో, నువ్వు బుజ్జిగాడి వెనకాల పరిగెడుతూనే ఉన్నావు, నేను మాత్రం ఆ పెద్ద బావి దగ్గర ఒకావిడతో చాలాసేపు నిలబడిపోయాను. ఆవిడ ఇంగ్లీషు సగమే అర్థమైంది కానీ చేత్తో చూపిస్తుంటే మిగతాది అదే తెలిసిపోయింది. ముందు చెక్క పలకల్ని రోజుల తరబడి నీళ్ళలో నానబెడతారట, లేకపోతే చెక్క మట్టిలోని తడినంతా పీల్చేస్తుంది. మట్టిలో ఉప్పు కలిపి తొక్కి మెత్తగా చేసి పలక నిండా మెత్తుతారు, ఉప్పు ఉంటే తడి తొందరగా ఆరదు. కాగితం మీద గీసిన బొమ్మని దాని మీద పెట్టి సూదితో గుచ్చుతూ పోతే మట్టి మీద చుక్కలు పడతాయి, ఆ చుక్కల వెంట గింజలూ చిన్న చిన్న కాయలూ గుచ్చి గీత తేలుస్తారు. ఆ తర్వాత పూరేకులు. ఒక్కో రేకూ చేత్తో, కింద నుంచి పైకి, ఒకదాని మీద ఒకటి కొంచెం ఎక్కేలా, పెంకుటింటి కప్పు మీద పెంకులు పరిచినట్టు పరుస్తారు, వాన పడితే నీళ్ళు పైపైనే జారిపోవాలని. నేను దగ్గరికి వంగి చూస్తే ఒక దేవదూత రెక్క మొత్తం నీలం రేకులే, అందులోనే ముదురు నీలం, లేత నీలం, వాడిపోయిన నీలం, ఒక్కో రంగూ ఏరి ఏరి పెట్టారు. ఇంత పనీ చేసి ఉంచేది ఒక్క వారం. తర్వాత తీసేసి, మళ్ళీ ఏడాది మళ్ళీ మొదలు.

ఎందుకు చేస్తారని అడిగితే రెండు కథలు చెప్పింది. 1348, 49ల్లో ప్లేగు వచ్చి చుట్టుపక్కల ఊళ్ళన్నీ పోతుంటే ఈ ఊరు ఈ నీళ్ళ వల్లే బతికిందని ఒకటి, 1615లో పెద్ద కరువు వచ్చినా ఈ బావులు ఎండలేదని ఇంకొకటి. ఏదైనా నీళ్ళకి దండం పెట్టుకోవడమే కదా. ఈసారి మీ అత్తగారు వరంగల్ నుంచి వస్తే ముందుగా అక్కడికే తీసుకెళ్ళు. ఏటా బతుకమ్మ పేర్చే మనిషి, ఆవిడకి ఆ పని విలువ నీకన్నా నాకన్నా బాగా తెలుస్తుంది. వీలైతే పండగ రోజు కాకుండా రెండు రోజుల ముందు వెళ్ళండి, కొన్ని ఊళ్ళల్లో రేకులు గుచ్చే చోటికి చూడ్డానికి రానిస్తారు, ఓ మాట అడిగి చూస్తే పోయేదేమీ లేదు.

టిస్సింగ్టన్‌లో ఇది ఈస్టర్ ఆదివారంతో కలిపి లెక్కపెడితే నలభయ్యో రోజు, గురువారం మొదలవుతుంది, ఆఫీసు ఉన్నా పర్వాలేదు, శనివారానికీ బావులు అలంకరించే ఉంటాయి. ఒకవేళ అది తప్పిపోతే ఊరుకోవద్దు, వర్క్స్‌వర్త్, యూల్‌గ్రీవ్, టైడ్స్‌వెల్ ఇలా మే నుంచి వేసవి అయ్యేదాకా ఆ జిల్లాలో ఏదో ఒక ఊళ్ళో బావి అలంకరణ ఉంటూనే ఉంటుంది.

ఆగస్టు చివర అయితే ఈమ్‌లో ఉంటుంది. అది మనం వెళ్ళినప్పుడు నేను ఎక్కువ మాట్లాడలేదు, నీకు తెలుసు. 1665లో లండన్ నుంచి దర్జీ ఇంటికి వచ్చిన బట్టల మూటతో పాటు ప్లేగు వచ్చిందట, చర్చి పెద్ద మాంపెసన్ మాట మీద ఊరంతా పొలిమేర దాటకుండా ఉండిపోయింది, మన జబ్బు పక్క ఊరికి పోకూడదని. తిండి సామాన్లు పక్క ఊళ్ళవాళ్ళు పొలిమేర రాయి దగ్గర పెట్టి వెళ్ళేవాళ్ళు, ఈమ్ వాళ్ళు ఆ రాతి గుంటల్లో వెనిగర్ పోసి అందులో డబ్బులు వేసేవాళ్ళు. 260 మంది పోయారు. ఎలిజబెత్ హాంకాక్ అనే తల్లి ఎనిమిది రోజుల్లో భర్తనీ ఆరుగురు పిల్లల్నీ తన చేత్తో పాతిపెట్టుకుంది. ఆ ఇళ్ళ ముందు ఎవరెవరు పోయారో పేర్లు రాసిన బోర్డులు చదువుతుంటే కరోనాలో మన వీధిలో పోయినవాళ్ళు వరసగా కళ్ళముందు కనపడ్డారు. బుజ్జిగాడు కాస్త పెద్దయ్యాక ఒకసారి మళ్ళీ తీసుకెళ్ళి ఆ రాయి చూపించి ఈ కథ చెప్పు. ఇది పిల్లలకి చెప్పాల్సిన కథ.

బేక్‌వెల్ షో, అదే ఆ ఊళ్ళో పెట్టే పశువుల ప్రదర్శన, దాని గురించి కూడా రాయాలి. ఆగస్టు మొదట్లో జరుగుతుంది, ఆ రోజు మీ తాతగారు ఉంటే బాగుండేదని ఎన్నిసార్లు అనుకున్నానో. ఆవుల్ని స్నానం చేయించి, తోకలు దువ్వి, తెల్ల కోట్లు వేసుకున్నవాళ్ళు పలుపు పట్టుకుని గుండ్రంగా నడిపిస్తుంటే పెద్దాయన ఒకడు మధ్యలో నిలబడి ఒక్కోదాన్నీ చూస్తున్నాడు, పొదుగు చూస్తాడు, నడుం చూస్తాడు, కాలి గిట్ట చూస్తాడు, ఎవరూ నోరెత్తరు. ఇంకో పక్క గొర్రెల దొడ్డి దగ్గర ఒక ముసలాయన గొర్రె పెదవి పైకెత్తి పళ్ళు చూపించాడు, రెండు పెద్ద పళ్ళుంటే ఏడాది దాటిందనీ, నాలుగుంటే రెండేళ్ళనీ. మన దగ్గర సంక్రాంతికి ఒంగోలు గిత్తల బండ లాగుడు పోటీల్లో రెండు పళ్ళ విభాగం, నాలుగు పళ్ళ విభాగం, ఆరు పళ్ళ విభాగం అని పెడతారు చూడు, పళ్ళు చూసి వయసు చెప్పే పద్ధతి అదే. అల్లుడుగారు నా మాట ఆయనకి ఇంగ్లీషులో చెబితే ఆయన టోపీ తీసి నాకు చెయ్యిచ్చాడు. ఆ పెద్దాయనకి మనం ఏ దేశం వాళ్ళమో అక్కర్లేదు, గొర్రె పళ్ళ గురించి తెలిసిన మనిషి ఒకరు దొరికారు, అంతే.

నేను చెప్పేది అదే చిన్నీ. ఆఫీసులో నువ్వు ఎన్నేళ్ళు పనిచేసినా వాతావరణం గురించి తప్ప ఇంకో మాట మాట్లాడరని నువ్వే అన్నావు. ఇలాంటి చోట్లకి వెళ్ళి, మీరు ఇది ఎలా చేశారండీ అని ఒక్క మాట అడిగి చూడు, వాళ్ళు మాట్లాడటం ఆపరు. తాము చేసిన పని గురించి అడిగితే ఎవరికైనా సంతోషమే. ఆ ఊరి హాల్లో ఆడవాళ్ళు ఇంట్లో చేసుకొచ్చిన కేకులూ టీ అమ్ముతుంటే మనం ఇంటి పులిహోర తిని వచ్చామని కొనకుండా రావద్దు, అక్కడ కూర్చుని ఒక కప్పు టీ తాగు. ఆ డబ్బు చర్చి పైకప్పుకో ఊరి ఖర్చుకో పోతుంది, పైగా ఆ బల్ల దగ్గరే నాలుగు మాటలు కలుస్తాయి.

వాన పడే రోజుకైతే క్రామ్‌ఫర్డ్ ఉంది, మీకు అరగంట దూరం. 1771లో రిచర్డ్ ఆర్క్‌రైట్ నీటి బలంతో పత్తి నూలు వడికే మిల్లు పెట్టింది అక్కడే. పిల్లలు కూడా పనిచేశారు అందులో, రాత్రీ పగలూ షిఫ్టులు. మనది పత్తి పండించిన ఇల్లు, మా నాయనమ్మ రాట్నం వడకడం నేను కళ్ళారా చూశాను, అలాంటి మిల్లుల నూలూ బట్టా మన దేశం మీద పడ్డాకే కదా మన రాట్నాలూ మగ్గాలూ మూలపడ్డాయి. ఆ గోడల మధ్య నిలబడితే నాకు కోపమూ వచ్చింది, ఆ పిల్లల మీద జాలీ వేసింది. 1931లో గాంధీగారు లండన్ వెళ్ళినప్పుడు లాంకషైర్‌లో డార్వెన్‌కి వెళ్ళి మిల్లు కార్మికుల్ని కలిశారు, మన బట్టల బహిష్కారం వల్ల పనులు పోయాయనుకుంటున్న వాళ్ళే ఆయన్ని ఆదరించారు. డార్వెన్ కూడా పొద్దున బయల్దేరితే రాత్రికి వచ్చేసేంత దూరమే, నేను మళ్ళీ వస్తే నన్ను అక్కడికి తీసుకెళ్ళాలి.

ఇప్పుడు చలికాలం కదమ్మా, ఎక్కడికి వెళ్తాం అంటావు. ఫిబ్రవరిలోనో మార్చి మొదట్లోనో యాష్‌బోర్న్ ఉంది, మంగళ, బుధవారాలు, లెంట్ అని ఈస్టర్ ముందు వాళ్ళ ఉపవాసాలు మొదలయ్యే ముందు రోజూ మొదలయ్యే రోజూ. ఊరంతా ఆడే ఫుట్‌బాల్. గోల్ రాళ్ళు మూడు మైళ్ళ దూరంలో ఉంటాయి, ఊరి మధ్య పారే హెన్‌మోర్ వాగుకి ఈ పక్క పుట్టినవాళ్ళు ఒక జట్టు, ఆ పక్క పుట్టినవాళ్ళు ఒక జట్టు, మధ్యాహ్నం రెండింటికి మొదలుపెట్టి రాత్రి పదింటి దాకా ఆడొచ్చు, వాగులో దిగి కూడా ఆడతారు. షాపులు అద్దాలకి చెక్కలు కొట్టేసుకుంటాయి. అల్లుడుగారు వాళ్ళ ఆఫీసులో ఎవరో చెప్పారని నాకు ఇదంతా చెప్పారు, ఆయనకి చూడాలని ఉంది, నువ్వే సెలవు పెట్టనివ్వలేదట. పెట్టించు. కాకపోతే బుజ్జిగాడిని గుంపుకి దూరంగా పట్టుకుని నిలబడండి, బంతి ఎటు వస్తుందో తెలియదు, కారు కూడా ఊరి బయటే పెట్టండి.

దీపావళి సంబరాలకి లెస్టర్ ఊళ్ళో బెల్‌గ్రేవ్ రోడ్డుకి మీరు ఎలాగూ వెళ్తారు, దాని గురించి నేను చెప్పక్కర్లేదు.

కొన్ని మాటలు జాగ్రత్తగా గుర్తుపెట్టుకో. ఆదివారం బస్సులు తక్కువ, పల్లెలకి కొన్ని చోట్ల ఉండనే ఉండవు, కారు లేని రోజు తిరిగొచ్చే చివరి బస్సు టైమ్ చూసుకున్నాకే ఎక్కండి. ఊళ్ళో పండగంటే పొలంలో పార్కింగ్ పెడతారు, చిల్లర కావాలి, పర్సులో నాణేలు ఉంచుకో. పొలాల మధ్య నడిచేటప్పుడు గేటు ఎలా ఉంటే అలాగే వదలాలి, మూసి ఉంటే మళ్ళీ మూసెయ్యండి, గొర్రెలు బయటికి వస్తే రైతుకి ఎంత కష్టమో మనకి తెలుసు. బుజ్జిగాడికి జత బట్టలు ఎక్కువ పెట్టుకో, జూలైలో కూడా వానకోటు కారులోంచి తియ్యొద్దు. పులిహోర పొద్దున్నే చెయ్యక్కర్లేదు, శుక్రవారం రాత్రే పులుసు కాచి పెట్టుకుంటే పొద్దున అన్నంలో కలిపెయ్యొచ్చు, నేను చేసి చూపించాను కదా. ప్రతి వారం వెళ్ళమని నేను అనడం లేదు, నీ ఒళ్ళు కూడా చూసుకోవాలి, నెలకి రెండు శనివారాలు చాలు. బట్టల పని గురువారం రాత్రి అయిపోయేలా చూసుకో, అల్లుడుగారు మడత పెడతారు, నేను చూశాను, చక్కగా పెడతారు.

ఇంకొకటి. మీరు శనివారం మధ్యాహ్నం మాకు ఫోన్ చేస్తారు, ఆ ఫోన్ కోసం మీరు ఇంట్లో ఉండిపోతున్నారేమోనని నాన్నగారికి అనుమానం. ఇక నుంచి బుధవారం చెయ్యండి, మీ ఆఫీసు అయ్యేసరికి ఇక్కడ రాత్రి పదిన్నర అయినా పర్వాలేదు, మేం మేలుకునే ఉంటాం. బుజ్జిగాడికి నా ముద్దులు. అల్లుడుగారిని అడిగానని చెప్పు.

మీ అమ్మ