13 వలస రాజ్యాల ప్రాజెక్టును పిల్లలతోనే చేయించండి

సంపాదకులకు,

అయ్యా,

ఉత్తర అమెరికాలోని 13 బ్రిటిష్ వలస రాజ్యాలు స్వతంత్ర దేశంగా ఎలా మారాయన్న అంశాన్ని మన ఉన్నత పాఠశాలల్లో ప్రాజెక్టు పనిగా ఇవ్వడం మామూలే. అంశం మంచిదే. కానీ చిత్తూరులోనైనా తిరుపతిలోనైనా ఆ ప్రాజెక్టు తయారయ్యేది ఎక్కువగా బడి దగ్గరి నెట్ సెంటర్లో. అంశం పేరు చెబితే చాలు, జార్జి వాషింగ్టన్ బొమ్మా, చారల జెండా, నాలుగు పేజీల సమాచారమూ ప్రింటై చేతికొస్తాయి. వాటిని అతికించి, అంచులకు స్కెచ్ పెన్నుతో గీతలు గీసి, స్పైరల్ బైండింగ్ చేయించి ఇస్తే మార్కులు పడిపోతాయి. సాంఘిక శాస్త్రం బోధించి పదవీ విరమణ చేసిన నాకు ఈ పద్ధతి మీదే అభ్యంతరం. పిల్లలనూ, తీరికలేని తల్లిదండ్రులనూ తప్పుపట్టను.

అలా అతికించిన పేజీల్లో తరచుగా కనిపించే ఒక వాక్యం చూడండి: తేయాకు ధర పెరిగినందుకు బోస్టన్ ప్రజలు తిరగబడ్డారట. 1773 నాటి తేయాకు చట్టం వల్ల ధర నిజానికి తగ్గింది. ఈస్టిండియా కంపెనీ అప్పుల్లో కూరుకుపోయి, అమ్ముడుపోని తేయాకు లండన్ గోదాముల్లో పేరుకుపోగా, దాన్ని నేరుగా వలస రాజ్యాల్లో అమ్ముకునే వీలును బ్రిటిష్ పార్లమెంటు ఆ చట్టం ద్వారా కంపెనీకి కల్పించింది. పౌనుకు మూడు పెన్నీల దిగుమతి సుంకాన్ని మాత్రం ఎత్తివేయలేదు. తమ ప్రతినిధులు ఒక్కరూ లేని పార్లమెంటుకు తమపై పన్ను వేసే హక్కెక్కడిదన్నది అక్కడివారి ప్రశ్న. చౌకగా వచ్చిన సరుకును కొంటే ఆ హక్కును ఒప్పుకున్నట్లవుతుందని భావించినవారు ఆ ఏడాది డిసెంబర్ 16 రాత్రి 342 పెట్టెల తేయాకును బోస్టన్ రేవులో పారబోశారు. ధర తగ్గినా జనం ఎందుకు కోపగించుకున్నారని ఒక్క ప్రశ్న వేస్తే పిల్లవాడు పుస్తకం తెరవక తప్పదు. అదే కంపెనీ అప్పటికే బెంగాల్‌లో శిస్తు వసూలు చేస్తోందనీ, 1770 నాటి ఘోర కరవు దాని ఏలుబడిలోనే వచ్చిందనీ తెలిస్తే, రెండు ఖండాల పాఠాలు ఒకే పాఠమవుతాయి.

మన జిల్లా పిల్లలకైతే ఇంకా దగ్గరి దారి ఉంది. 1778లో ఫ్రాన్స్ అమెరికన్ల పక్షాన చేరగానే ఆంగ్లేయులకూ ఫ్రెంచివారికీ మధ్య పోరు మన దేశానికీ పాకింది. ఆంగ్లేయులు ముందు పుదుచ్చేరిని, 1779లో మాహేను పట్టుకున్నారు. తనకు ఆయుధ సామగ్రి చేరే రేవు పోవడంతో హైదర్ అలీ ఆగ్రహించి, 1780లో కర్ణాటక ప్రాంతంపై (నేటి కర్ణాటక కాదు, ఆర్కాటు నవాబు ఏలిన సీమ) దండెత్తాడు. ఆ యుద్ధం నడుస్తుండగానే, 1782 డిసెంబర్ 7న, మన చిత్తూరు సమీపంలోని నరసింగరాయనిపేట విడిదిలో కన్నుమూశాడు. మరుసటి ఏడాది కడలూరు దగ్గర ఆంగ్లేయులూ ఫ్రెంచివారూ తలపడుతుండగా యూరప్‌లో సంధి కుదిరిన కబురు అంది పోరు ఆగింది. అమెరికాలోని యార్క్‌టౌన్‌లో 1781లో లొంగిపోయిన ఆంగ్ల సేనాని కారన్‌వాలిస్ తర్వాత ఇక్కడికి గవర్నర్ జనరల్‌గా వచ్చి, 1792లో టిప్పు చేత శ్రీరంగపట్నం సంధికి తలొగ్గించాడు. ఇన్ని ముడులు మన గడపలోనే ఉండగా, పిల్లల చేత ఫిలడెల్ఫియాలోని స్వాతంత్ర్య గంట బొమ్మ మాత్రమే అతికించడం నాకు వింతగా తోస్తుంది.

మరొక లోపం కూడా చెప్పాలి. చాలా ప్రాజెక్టులు 1776 జూలై 4తో ముగిసిపోతాయి. ఆనాడు వెలువడింది ప్రకటన మాత్రమే. బ్రిటన్ దాన్ని అంగీకరించి సంతకం పెట్టింది 1783లో పారిస్‌లో. ఆ తర్వాత కూడా 13 రాష్ట్రాలు ఒక దేశంగా నిలదొక్కుకోలేదు. కేంద్ర కాంగ్రెస్‌కు, అంటే రాష్ట్రాల ప్రతినిధుల సభకు, పన్ను వేసే అధికారమే లేకపోవడంతో సైనికుల బకాయిలు తీర్చడానికి కూడా రాష్ట్రాల ముందు చేయిచాచవలసి వచ్చింది. 1787లో ఫిలడెల్ఫియాలో రాజ్యాంగం రాసుకున్నారు. ఆ సభకు రోడ్ ఐలండ్ అసలు ప్రతినిధులనే పంపలేదు, 1790 దాకా రాజ్యాంగాన్ని ఆమోదించనూ లేదు. మనుషులందరూ సమానులని ప్రకటించిన దేశంలోనే బానిసత్వం 1865 వరకు చట్టబద్ధంగా సాగింది. 1947కూ 1950కీ మధ్య మన దేశంలో సంస్థానాల విలీనం, రాజ్యాంగ రచన ఎలా జరిగాయో చదువుకున్న పిల్లలకు, స్వాతంత్ర్యం రావడం వేరు, దేశంగా కూడుకోవడం వేరన్న సంగతి చెప్పకుండానే తట్టగలదు, ఆ రెండు దేశాల కథలనూ పక్కపక్కన పెట్టి చూసే అవకాశమిస్తే.

కాబట్టి ఉపాధ్యాయ మిత్రులకూ విద్యాశాఖ అధికారులకూ నా విన్నపం. ప్రాజెక్టుకు అంశం ఇవ్వకండి, ప్రశ్న ఇవ్వండి. సొంత దస్తూరీతో మూడు పేజీలు మించకుండా రాయమనండి. రాసినదాన్ని తరగతిలో నిలబడి తెలుగులో చెప్పమని, తోటి పిల్లల చేత రెండు ప్రశ్నలు అడిగించి, మార్కుల్లో సగం ఆ జవాబులకే వేయండి. బైండింగుకూ రంగులకూ మార్కులు వద్దు. నెట్‌లో వెతకడం తప్పు కాదు, ఎక్కడ చూశారో రాయించండి చాలు. గ్రంథాలయాధికారులు కూడా ప్రపంచ చరిత్రపై తెలుగు అకాడమి ప్రచురణలను శాఖా గ్రంథాలయాల్లో అందుబాటులో ఉంచి, బడి వదిలే వేళకు తలుపులు తెరిచి ఉంచగలిగితే, ప్రాజెక్టు ఇచ్చిన నాడే పిల్లలను అక్కడికి పంపవచ్చు.

ఇట్లు,
ఒక విశ్రాంత సాంఘిక శాస్త్ర ఉపాధ్యాయుడు,
చిత్తూరు