ఈ ఏడు మీ ఆవకాయ ఎందుకు రాలేదంటే

ఏప్రిల్‌లో డబ్బు కట్టి ఇంకా ఆవకాయ అందని 240 మందికి ఇది రాస్తున్నాను. కొరియర్ వాళ్ల తప్పేం లేదు, వాళ్లని తిట్టకండి. మీ కిలో, పక్కవాళ్ల కిలో, అన్నీ నేనే పారబోయించాను.

కొత్తవాళ్ల కోసం: మా చిన్నమ్మాయికి తలసేమియా. ఇరవై రోజులకోసారి రక్తం ఎక్కించాలి. అందుకే ఏటా మే 8న, ప్రపంచ తలసేమియా దినం నాడు, మా అమ్మాయి పేరు మీద అమ్మే ఆవకాయలో కిలోకి వంద చొప్పున పక్కకి తీసి, తనలాంటి పిల్లలకి రక్తం ఎక్కించేటప్పుడు వాడే ఫిల్టర్లకీ, ఒంట్లో పేరుకునే ఐరన్‌ని దించే మందులకీ ఇస్తాం.

ఈసారి నూజివీడు కాయ బ్రహ్మాండంగా వచ్చింది. దెబ్బ తిన్నది నూనె దగ్గర. పదకొండేళ్లుగా ఒకే గానుగాయన దగ్గర పప్పునూనె తీసుకుంటున్నాం. మూడు టిన్నులు పంపాడు. మొదటిది మూత తీసి వాసన చూశాను, రెండోదీ చూశాను. మూడోది చూడలేదు. ముక్కలు ఎండిపోతాయన్న కంగారు ఒకటి, ఆయన మీద నమ్మకం ఒకటి.

మూడో రోజు తిరగ కలుపుదామని వాసెన విప్పాను. ముక్క ఎర్రగా నిగనిగలాడుతోంది, నూనె పైకి తేలింది, చూడ్డానికి ఏ వంకా లేదు. ఆవ ఘాటు రావాల్సిన చోట దీపం కుందిలో మిగిలిపోయిన నూనె వాసన. ఫోన్ చేస్తే, "వేసవి కదమ్మా, వారం పోతే సర్దుకుంటుంది" అన్నాడు. పదకొండేళ్ల బేరానికి ఆ మాట! టిన్ను డబ్బు తిరిగిస్తానన్నా పుచ్చుకోలేదు. పుచ్చుకోవాల్సిందని మావారు ఇప్పటికీ సణుగుతున్నారు.

వెల్లుల్లి దంచి కలిపితే ఎవరికీ తెలియదని మా తోటికోడలు అంది. నిజమే, తెలియదు. రెండు రాత్రులు నిద్ర లేదు. పారబోస్తే పెట్టుబడి గంగపాలు, మే 8 దగ్గరికొచ్చేసింది. మూడు టిన్నులూ కలిపే పోశాం కాబట్టి ఏ జాడీ మంచిదో వేరు చేసే దారి లేదు. చివరికి మా అమ్మాయి వేలితో నాకి, మొహం చిట్లించి, "ఇది నా పేరు మీదేనా?" అంది. మర్నాడే ఊరి బయట గొయ్యి తీయించాం. దొడ్లో వేస్తే ఆ ఉప్పుకి మొక్కలు చచ్చేవి.

మే 8న ఇవ్వాల్సిన 24,000 ఇచ్చేశాను, చీటీ పాడి. "పిల్ల పేరు చెప్పి డబ్బులు నొక్కేశారా" అని ఒకావిడ మెసేజ్ పెట్టారు. ఆమెకి రసీదు పంపాను. ఇంకేం రాయలేదు, రాయాలని చాలా ఉండింది.

"పచ్చడి పోతే పోయింది, డబ్బు ఉంచుకోండి" అన్నవాళ్లు చాలామంది. మీ మంచితనానికి దండం, కానీ ఉంచుకోను. నేను అమ్మేది పచ్చడి. మరీ మనసుంటే వెళ్లి రక్తం ఇచ్చి రండి. కాలేజీలకి సెలవులు కదా, ఈ నెలలో శిబిరాలు తగ్గి రక్తానికి కటకటే.

వానలు పడకముందే వేరే గానుగ నూనెతో మళ్లీ పెడుతున్నాను. జూన్ మొదటి వారంలో పంపుతాను. ఆగలేనివాళ్లు చెబితే ఆ రోజే డబ్బు వెనక్కి వేస్తాను.

వెల్లుల్లి ఆవకాయ అడిగినవాళ్లకి: ఈ ఏడు పెట్టను.